మైనస్ చూపించిన బూస్ట్ మీటరు

దసరా తర్వాత 3వ రోజు
గవిని దాటే ముందు చూసినవి: బ్రేకులు, టైర్లు, దీపాలు, బండి ఎత్తు. అన్నీ యథాప్రకారం.

ఈ పుస్తకం నాలుగో నంబరు మంచు బండిది, మిట్ట మీది గని నుంచి మేముండే గుంతకు మంచు మోసే లారీది. రాసేది దాని డ్రైవరు ఓబులమ్మ. పాత పుస్తకం నిండిపోయింది. కొత్తదాన్ని మంచి కబురుతో మొదలుపెడుతున్నాను: నా బండికి మీటర్లు వచ్చాయి.

పదేళ్ళుగా అడుగుతున్నాను. మిట్ట మీద గాలి పలచన. ఇంజిన్‌లోకి గాలి కుక్కే టర్బో లేని డీజిల్ బండి అక్కడ నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ఆ టర్బో ఎంత గాలి కొడుతోందో, ఎగ్జాస్ట్ ఎంత వేడెక్కిందో బండితో వచ్చిన డాష్‌బోర్డు చెప్పదు. ఒక్క ఎర్రదీపం వెలిగిస్తుంది. అది వెలిగేసరికి లోపల పిస్టన్ కరిగి ఉంటుంది. ఇల్లు కాలిపోయాక తలుపు తట్టే మనిషి ఎందుకు?

దసరా ముందు వచ్చిన సరుకులో రెండు పెట్టెలు దొరికాయి. ఒక్కోదాంట్లో టర్బో గాలి ఒత్తిడి చెప్పే బూస్ట్ మీటరు, ఒక వేడి మీటరు, వాటి సెన్సార్లు, పొగ సులువుగా పోవడానికి నిటారుగా నిలబడే పొడుగాటి సైలెన్సర్ గొట్టం. షెడ్డు మేస్త్రీ దస్తగిరి మామ ఒక పెట్టె మొత్తం నా బండికి బిగించాడు. రెండో పెట్టెలోని మీటర్లు ఏడో నంబరు బండికి పెట్టాడు. దానికి క్లచ్ లేదు, బ్యాటరీ లేదు, రెండేళ్ళుగా షెడ్డులోంచి కదల్లేదు. అందుకని దాని గొట్టం మూలన పడేశాం. ఆయుధపూజనాడు రెండు బండ్లకూ నేనే పసుపు పెట్టాను. ఆముదంలో కలిపిన చిక్కటి పసుపు. స్టీరింగుకు, మీటర్లకు, బానెట్ కింద సెన్సార్లకు కూడా. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళకు బొట్టు పెట్టకపోతే ఎట్లా?

మా చెల్లెలు జయంతి ఎనిమిదో నెల కడుపుతో వచ్చి, బండి చుట్టూ తిరిగి చూసింది.

“మింగ మెతుకు లేదంట, మీసాలకు సంపెంగ నూనెంట” అని నవ్వింది. తలుపుకు తాడు కట్టుకుని నడిపే బండి నాది, ఏమనగలను.

ఇవాళ మొదటి ట్రిప్పు. మా గుంత వాకిలి ఈ గవిని. దాని రబ్బరు పెదవులు బండిని ఒరుసుకుంటూ వదిలి వెనకాలే మూసుకున్నాయి. ముక్కుకు గాలి గొట్టం తగిలించుకుని ఎక్కుడు మొదలుపెట్టాను. ఎక్కుడులో బూస్ట్ ఇరవై ఎనిమిది పౌండ్లు రావాలని పెట్టెలోని కాగితం అంటోంది. నా మీటరు ఇరవై నాలుగు దగ్గర మొండికేసింది. టర్బో గొట్టాల్లో ఎక్కడో గాలి కారుతున్నట్టుంది.

దసరా తర్వాత 9వ రోజు
బ్రేకులు, టైర్లు, దీపాలు, బండి ఎత్తు. అన్నీ యథాప్రకారం.

పొద్దుటంతా టర్బో నుంచి ఇంజిన్ దాకా ప్రతి గొట్టానికీ, ప్రతి క్లాంపుకూ సబ్బునురగ పూశాం. కారుతుంటే బుడగ రావాలి. ఒక్క బుడగా రాలేదు. ఇంటర్‌కూలర్ విప్పి, కడిగి, మళ్ళీ బిగించాం. మిట్ట ఎక్కితే అదే ఇరవై నాలుగు.

ఇంకో వింత. షెడ్డులో ఇంజిన్ వేయకుండా తాళం మాత్రం తిప్పితే బూస్ట్ సున్నా చూపించాలి. ఇది −0.1 అంటోంది.

“కొత్త మీటరు కొత్తకోడలు లాంటిదిమా” అన్నాడు దస్తగిరి మామ. “మన ఇల్లు అలవాటయ్యేదాక అట్ల ఇట్ల చెప్తాది. దినామూ రాసి పెట్టు, చూస్తాం.”

ఇకనుంచి రోజూ పొద్దున్నే ఆ అంకెను పుస్తకం అంచున రాస్తాను.

దసరా తర్వాత 14వ రోజు
బ్రేకులు, టైర్లు, దీపాలు, బండి ఎత్తు. అన్నీ యథాప్రకారం.

అంకె −0.2. మిట్ట మీద ఇరవై నాలుగు.

మధ్యాహ్నం జయంతి ఇంట్లో భోజనం. కందిపప్పు పలుకుగా ఉంది. మూడు గంటలు పొయ్యి మీదే ఉందట. ఈసారి పంట మంచిది కాదని గుంతలో ఆడవాళ్ళంతా తిట్టుకుంటున్నారు. జయంతి నాలుగు మెట్లెక్కి ఆయాసపడింది. కడుపులో బిడ్డ పైకి తన్నుతుంటే ఆయాసం సహజమేనని మంత్రసాని చెప్పిందట. ఇంతకుముందు ఒకసారి నిలవలేదు దానికి. ఈ బిడ్డనైనా చేతిలోకి తీసుకోవాలని రోజులు లెక్కపెట్టుకుంటోంది.

దాని మొగుడు రామాంజి తిత్తిగది కావలి. రెండు కొండల నడుమ మా గుంత, దాని మీద మూతలాగా పందిరి, ఆ పందిరి కింద గాలి నిలిచి ఉండేట్టు రాత్రింబవళ్ళు కొట్టే తిత్తులు. ఆ తిత్తులు అతని చేతిలో ఉన్నాయి కాబట్టి మేమందరం అతని దయమీద ఊపిరి తీస్తున్నట్టే నడుస్తాడు. మంచివాడే. కొంచెం బిగువు.

దసరా తర్వాత 20వ రోజు
బ్రేకులు, టైర్లు, దీపాలు, బండి ఎత్తు. అన్నీ యథాప్రకారం.

−0.4. ఎర్త్ వైరు మార్చాను. కొత్త ఫ్యూజు వేశాను. వైర్లన్నీ విప్పి, తోమి, మళ్ళీ కట్టాను. అదే −0.4. మీటరు మీద ఒక్కటి వేశాను. అయినా అదే.

రేపటినుంచి మూడు రోజులు ట్రిప్పులు లేవు. మంచు గని దగ్గర క్రేను పాడైంది.

దసరా తర్వాత 27వ రోజు
బ్రేకులు, టైర్లు, దీపాలు, బండి ఎత్తు. అన్నీ యథాప్రకారం.

−0.8. మిట్ట మీద మాత్రం మొదటినుంచీ అదే ఇరవై నాలుగు, ఒక్క పాయింటు కదల్లేదు. చెడిపోయిన మీటరైతే రెండుచోట్లా చెడిపోవాలి. ఇది గుంతలో ఉన్నప్పుడే దిగజారుతోంది. దీని పద్ధతి నాకు నచ్చలేదు.

జయంతి ఇవాళ గోడ పట్టుకుని నడుస్తోంది. పక్కింటి ముసలాయన అరుగు దిగడం మానేశాడు. గుంతంతా ఏదో జ్వరం తిరుగుతోందంటున్నారు. నాకేమీ లేదు. సగం జీవితం మిట్ట గాలి పీల్చినదాన్ని, నాకు జ్వరాలంటవు.

దసరా తర్వాత 33వ రోజు
బ్రేకులు, టైర్లు, దీపాలు, బండి ఎత్తు. అన్నీ యథాప్రకారం.

దొరికింది! నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

పొద్దున −1.3 చూసి ఒళ్ళు మండి, సెన్సార్‌నే విప్పి దస్తగిరి మామ ముందు పెట్టాను. ఆయన అద్దాలు సర్దుకుని వెనక్కి తిప్పి చూశాడు.

“ఓబులమ్మా, దీని ఈపున సూదిమొన అంత బెజ్జం ఉండాల. బయటి గాలి దాంట్లోంచి పోయి తగిల్తేనే ఇది టర్బో గాలిని దాంతో పోల్చి చెప్పేది. ఆ బెజ్జం యాడ?”

బెజ్జం ఉండాల్సిన చోట పసుపు ఉంది. ఇంజిన్ వేడికి ఆముదం గడ్డకట్టి రాయిలాగా బిగుసుకుపోయింది. నేను పెట్టిన బొట్టే. నెలరోజులు గొట్టాలను, వైర్లను తిట్టాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. మామ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

గుండుసూదితో బెజ్జం పొడిచాను. తాళం తిప్పాను. సున్నా. చక్కటి సున్నా.

దసరా తర్వాత 34వ రోజు
బ్రేకులు, టైర్లు, దీపాలు, బండి ఎత్తు. అన్నీ యథాప్రకారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఎక్కుడులో బూస్ట్ ఇరవై ఎనిమిది వచ్చింది. కాగితం చెప్పినంత. ఈలవేశాను కూడా. ఆ తర్వాత, ఆ నాలుగు పౌండ్లు ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయాయా అని ఆలోచన మొదలైంది. గుంతలో గాలి పన్నెండు పౌండ్లు, మిట్ట మీద ఎనిమిది. తేడా నాలుగు. అంటే పసుపు మూసేసిన సెన్సార్ లోపల ఆయుధపూజనాటి గుంత గాలి అట్లాగే ఇరుక్కుపోయింది. మీటరు టర్బో కొట్టే గాలిని బయటి గాలితో కాకుండా ఆ పాత గాలితో పోల్చి చెబుతోంది. మిట్ట మీద గాలి నాలుగు తక్కువ కాబట్టి నాలుగు తగ్గించి చూపించింది. అది తప్పు చెప్పలేదు.

అంతవరకూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరి గుంతలో −1.3 ఎందుకు చూపించింది? గుంత గాలి గుంత గాలితో సమానంగా ఉండాలి కదా?

బండి నడిమధ్యలో ఆపాను. మిట్ట మీద ఆగకూడదని రూలు. అయినా ఆపి, నెలరోజుల్లో చూసినవి వరసపెట్టి లెక్కేశాను. ఉడకని పప్పు. మెట్లెక్కలేని జయంతి. అరుగు దిగని ముసలాయన. అవి పంట తప్పూ కాదు, కడుపు తప్పూ కాదు, జ్వరమూ కాదు. గుంతలో గాలి తగ్గిపోతోంది; గాలి తగ్గితే నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి, పప్పు ఉడకదు.

మంచు లేకుండానే వెనక్కి తిప్పాను. నా మీటరు ఇక సాక్ష్యం చెప్పలేదు, బెజ్జం నేనే పొడిచేశాను. కాని ఏడో నంబరు బండికి పసుపు అట్లాగే ఉంది, నెలరోజులకు దానంతటదే ఎండి బిగుసుకుంది. దస్తగిరి మామా నేనూ ఒక బ్యాటరీ మోసుకెళ్ళి తగిలించాం. తాళం తిప్పాను.

−1.4.

రెండేళ్ళుగా కదలని బండి. ఎక్కుడు ఎక్కని బండి. మామ అద్దాలు తుడుచుకుని ఆ అంకెను మళ్ళీ చూశాడు. “యా అల్లా” అన్నాడు. నిన్న నవ్విన నోరే.

అక్కడినుంచి తిత్తిగదికి పరుగెత్తాను. రామాంజి గుంత గాలి చూపే మీటరు తుడుస్తున్నాడు.

“ఏమప్పా రామాంజీ, పొద్దున తేడా ఎంతుండె?”

“సున్నా వదినా. పంతొమ్మిదేండ్లుగా సున్నానే” అన్నాడు గర్వంగా.

“సున్నా వచ్చిందా, నువ్వు పెట్టినావా?”

“పెట్టాల గదా. రూలే అది. తెల్లారంగానే మీట నొక్కి సున్నా చేసి, దినమంతా చూస్తాం. ఒక్క దినంలో అర పౌండు తగ్గితే గంట కొట్టాల. నా సర్వీసులో ఒక్కసారి గూడా కొట్టలే.”

“నొక్కే ముందు ఎంత చూపిస్తాందో రాసినావా?”

అతను తన పుస్తకం వైపు చూశాడు. పేజీ తర్వాత పేజీ, సున్నాలు.

“అది రాసేదానికి గడి లేదు వదినా.”

అసలు గాలి ఎంతుందో చెప్పే పాదరసం గొట్టం నాలుగేళ్ళ కిందటే పగిలింది. ఈ తేడా మీటరు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మాత్రమే చెబుతుంది. రోజుకు కొంచెం పోతోంది. రోజూ తెల్లారగానే ఇతను దాన్ని చెరిపేస్తున్నాడు. లెక్కంతా అతనికి చెప్పాను. గోడ మీద రాసి ఉన్న అక్షరాల వైపు చూశాడు. నేనూ చూశాను. “పది పౌండ్లకు తగ్గితే పసిబిడ్డలు నిలవరు” అని ఉంది.

పన్నెండులో 1.4 పోతే ఇప్పుడు పది పాయింట్ ఆరు. ఈ లెక్కన నాలుగు రోజులు. ఇద్దరం జయంతినే తలుచుకున్నాం, దానికి నెలలు నిండుతున్నాయి.

దసరా తర్వాత 35వ రోజు
ట్రిప్పు లేదు.

రామాంజి పొద్దున మీట నొక్కలేదు. −0.15 చూపించింది. తన సర్వీసులో మొదటిసారి గంట కొట్టాడు. కొడుతూ ఏడ్చాడు.

గుంతలో నిలబడగలిగిన ప్రతి మనిషీ సబ్బునురగ పట్టుకుని పందిరి అతుకుల మీద పడ్డారు. నా టర్బో గొట్టాలకు చేసినట్టే. తిత్తులు పూర్తి వేగంతో కొడుతున్నా పోయేది పోతూనే ఉంది. సాయంత్రానికి సగం పందిరి అయింది. ఏమీ దొరకలేదు.

దసరా తర్వాత 36వ రోజు
ట్రిప్పు లేదు.

ఏడో నంబరు మీటరు −1.7. మిగతా సగం పందిరి కూడా చూశారు. ఏమీ లేదు. భయంతో జనం మాట్లాడటం మానేశారు. మాటకూ ఊపిరి ఖర్చే కదా.

మధ్యాహ్నం జయంతి దగ్గర కూర్చున్నాను. పెదవులు నీలంగా ఉన్నాయి. బిడ్డ నిన్నటినుంచి సరిగా కదలడం లేదట. మంచం మీద పడుకుని పొద్దుపోక నా పుస్తకం చదువుతోంది.

“అక్కా” అంది ఆగి ఆగి. “అంచున ఈ అంకెలు ఉండాయి గదా... నువ్వు మిట్టకు పోయొచ్చిన మర్నాడల్లా ఎక్కువెక్కువ తగ్గతాంది. క్రేను చెడిపోయిన మూడు దినాలూ తగ్గలే. అంతే ఉంది. అదెందుకు?”

పుస్తకం లాక్కున్నాను. వేలు పెట్టి ఒక్కో అంకెనూ చూశాను. అది చెప్పింది నిజం. దసరా ముందు పదేళ్ళు ఇదే బండి ఇదే గవిని దాటింది. దసరాకు కొత్తగా వచ్చింది ఏమిటి?

షెడ్డుకు ఎట్లా వచ్చానో గుర్తులేదు. బండి ఎక్కి నిలబడి, సైలెన్సర్ గొట్టం చివర తడిమాను. అంచు పొడుగునా నల్లటి రబ్బరు, ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది.

నిచ్చెన తీసుకుని గవినికి వెళ్ళాను. పందిరి అంతా వెతికారు గాని గవిని పైపెదవి ఎవరూ చూడలేదు. అది రోజూ తెరుచుకుని మూసుకునేదే కదా అనుకున్నారు. పైకెక్కి చూస్తే పెదవిలో నా చెయ్యి మోచేతిదాకా దూరేంత చినుగు. చుట్టూ మసి. డీజిల్ వాసన. ఈలవేస్తూ గాలి బయటికి పోతోంది. చినుగు చిన్నగా ఉన్నంతకాలం బండి పోని రోజుల్లో తిత్తులు సరిపెట్టాయి, ఇప్పుడు వాటికీ మించిపోయింది. నెలరోజులు, గవిని దాటిన ప్రతిసారీ, పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, నేనే కోసుకుంటూ వచ్చాను. మొన్న గాలి పోతోందని తెలిసి గుండెలు బాదుకుంటూ వెనక్కి వచ్చినప్పుడు కూడా కోశాను.

తా దూర కంత లేదు, మెడకో డోలు. ఎలుకను చూసి నవ్వే సామెత. నా మీద అది నిజమైంది.

దసరా తర్వాత 37వ రోజు
ట్రిప్పు లేదు.

లారీ ట్యూబులు కోసి, మూడు పొరలు వేసి, చినుగు మూశాం. నురగ పూస్తే బుడగ రాలేదు. గొట్టాన్ని రంపంతో నా చేత్తో నేనే కోశాను. సాయంత్రం ఏడో నంబరు మీటరు దగ్గర అందరూ మూగారు. −1.6. తగ్గడం ఆగి, ఒక్క పాయింటు తిరిగి ఎక్కింది. ఎవరూ కేకలు వేయలేదు. పక్కనున్నవాళ్ళ భుజాలు పట్టుకుని నిలబడ్డారు.

రామాంజి నన్ను పక్కకు పిలిచాడు.

“వదినా, రబ్బరు పాతబడి చినిగిందని రాద్దాం. మీరు ఆ పేజీలు చింపేయండి. నా మీట సంగతి గూడా వాటిలోనే ఉంది. ఇద్దరికీ మంచిది. జయంతికైతే అసలు తెలియగూడదు.”

చింపాలనిపించింది. అబద్ధమెందుకు, పేజీ మడత పెట్టాను కూడా. కాని ఈ పుస్తకంలోని అంకెలే లేకపోతే ఇవాళ ఈ గుంతలో పుస్తకాలు చదివేవాళ్ళే ఉండేవారు కాదు. అనుకూలమైనవి ఉంచి మిగతావి చింపితే, అతని సున్నాలకూ నా రాతకూ తేడా ఏముంది? మడత విప్పాను.

“నీ పుస్తకంలో ఒక గడి గీయప్పా” అన్నాను. “నొక్కే ముందు ఎంతుందో రాసే గడి. నా పుస్తకం నేను చూసుకుంటా.”

దసరా తర్వాత 41వ రోజు
ట్రిప్పు లేదు.

ఏడో నంబరు మీటరు −0.3. దాని పసుపు ఎవరూ తుడవకూడదని దస్తగిరి మామ బానెట్‌కు తాళం వేశాడు.

జయంతి పెదవులకు రంగు తిరిగొచ్చింది. బిడ్డ పొద్దుటినుంచి తంతోందట, చెయ్యి పట్టుకుని పెట్టించుకుంది. తన్నింది. నా కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. మధ్యాహ్నం పప్పూ అన్నం వడ్డించింది. గంటలో ఉడికిందట, మెత్తగా, వెన్నలాగా.

కలిపిన ముద్ద పక్కన పెట్టాను. చెప్పేశాను. గొట్టం, రబ్బరు, నెలరోజులు, అంతా.

జయంతి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“రోజూ కొలిచినావనుకున్యానే అక్కా” అంది. “పుస్తకంలో ప్రతి దినమూ రాసుంది గదా, బండి ఎత్తు యథాప్రకారమని. నేను సదివితినే.”

రామాంజి పుస్తకంలో సున్నాలు చూసి అతన్ని నిలదీసినదాన్ని నేను. పదేళ్ళుగా నా పుస్తకంలో ఆ మాట రాస్తున్నదీ నేనే. ఒక్కరోజు, ఒక్క టేపు, రెండు నిమిషాల పని.

కాసేపటికి కంచం నా వైపు జరిపింది. “పప్పు ఉడికింది, తిను” అంది.

దసరా తర్వాత 42వ రోజు
గవిని దాటే ముందు చూసినవి:
బ్రేకులు: తొక్కి చూశాను, నాలుగూ పట్టాయి.
టైర్లు: ఆరింటికీ గాలి కొలిచాను. వెనక ఎడమది రెండు పౌండ్లు తక్కువుంటే కొట్టించాను.
దీపాలు: కుడివైపుది వెలగలేదు, మార్చాను.
బండి ఎత్తు: పది అడుగుల రెండంగుళాలు. గవిని ఎత్తు: పది అడుగుల ఆరంగుళాలు. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస జయంతి పట్టుకుంది.